రంపాన్ని మింగిన చెట్టు

మాటలు కోటలు దాటుతాయి, కాలు గడప దాటదు అని సామెత. గంగాధరం కాలు గడపేమిటి, సముద్రమే దాటింది. మరి ఆయన మాటలు ఎంతదూరం పోతాయో ఎవరు కొలవగలరు? మనిషిది కోనసీమ. ఒమాన్‌లో సహం అనే ఊళ్లో కోళ్ల ఫారం మేస్త్రీ. శుక్రవారం సాయంత్రం అసర్ నమాజు అయిందంటే హైవే పక్కన మలబారీ కాకా చాయ్ కొట్టు ముందున్న బల్ల మీదికి చేరతాడు. ఆయన చేతిలోకి గ్లాసు రావడం, నోట్లోంచి కాంగో రావడం ఒకేసారి జరుగుతాయి. ఒమాన్‌కి రాకముందు మూడేళ్లు కాంగో అడవిలో పనిచేశానని ఆయన మాట. ఆ మూడేళ్లలో జరిగినవి చెప్పడానికి ముప్పయ్యేళ్లు చాలేట్టు లేవు.

గోను తుఫాను వచ్చిపోయిన మరుసటి ఏడు, వేసవిలో ఒక శుక్రవారం. భూమయ్య ఆ వేళ నవ్వుకోవడానికి రాలేదు.

భూమయ్యది కరీంనగర్ పక్క. ఊళ్లో రెండు బోర్లూ ఎండిపోతే ఇక్కడికొచ్చి ఖర్జూరం తోటలో నీళ్లు కట్టే పనికి కుదిరాడు. నీళ్ల కోసం దేశం విడిచినవాడికి నీళ్ల పనే దొరికిందని మొదట్లో సంబరపడ్డాడు కూడా. కానీ చుట్టుపక్కల తోటలన్నీ మోటర్లు పెట్టి లాగగా లాగగా కింద తీపినీళ్లు అడుగంటాయి. ఆ ఖాళీలోకి సముద్రం దిగింది. బావి ఉప్పుబారింది. ముందు నిమ్మచెట్లు పోయాయి, తర్వాత గడ్డి పోయింది, ఈ ఏడు ఖర్జూరం మట్టలే ఎండిపోతున్నాయి. అర్బాబ్, అంటే తోట యజమాని, మంచివాడే. మొన్న పాస్‌పోర్టు చేతిలో పెట్టి, భుజం తట్టి, "ఖలాస్, భూమయ్యా" అన్నాడు. ఆ మాట అన్నాక ముసలాయన తోట వైపు చూడలేకపోయాడు.

సీబ్ పట్నంలో ఒక ఏజెంటు కాంగోలో పని ఉందన్నాడు. పామాయిల్ తోట. కంప్యూటర్‌లో ఫొటో కూడా చూపించాడు. ఆ ఫొటోలో భూమయ్యకు ఎక్కడా అడవి కనపడలేదు. ఫొటో తీసినవాడి వీపు వెనకాల ఉందేమో అనుకున్నాడు. ఇవాళ షఫీ కూరగాయల లారీలో సీబ్ వెళ్లి పాస్‌పోర్టు ఏజెంటుకి ఇచ్చేయాలి. ఆ సంగతి షఫీకి తప్ప ఎవరికీ తెలియదు. వెళ్లేలోపల గంగాధరం నోటితో ఆ అడవి ఉందనిపించుకోవాలని భూమయ్య ఆశ. కోతలరాయుడని తెలియక కాదు. పది కోతల్లో ఒక్కటైనా నిజం ఉండకపోతుందా అని.

"పెద్ద గొప్పేం కాదండీ," అని గంగాధరం మొదలుపెట్టాడు. "ఓ ముసలావిడ అరటితోట కాపాడేను. అంతే."

ఆయన అంతే అన్నాడంటే ఇంకా మొదలే కాలేదని అర్థం.

"అడవి అంచునండీ ఆవిడ తోట. అరటి, కర్రపెండలం, నీడకి పెద్దచెట్లు అట్టేపెట్టి వాటి కింద కోకో. మా అమలాపురం పక్క కొబ్బరి కింద కోకో వేస్తాం చూడండి, అచ్చం అలాగే. చీకటి పడితే చాలు, ఏనుగులొచ్చి అరటంతా నమిలేసేవి. ఊరోళ్లు తుపాకీ తెస్తామన్నారు. ఒరే, ఏనుగుని చంపితే అడవి చచ్చిపోద్దిరా, ఆగండి అన్జెప్పి, ఏనుగు పేడలో ఎండుమిరపకాయలు దంచి కలిపి, పిడకలు చేసి, తోట చుట్టూ పొగెట్టేను."

ఇది నిజమే అయ్యుంటుందనిపించింది భూమయ్యకు. తమ ఊళ్లో అడవిపందులకు ఇలాంటి ఉపాయాలే చేస్తారు. బల్ల మీద కొంచెం ముందుకు జరిగాడు.

"ఏనుగులు పోయినయా అన్నా?"

"పోవడవా! ఆ తర్వాత ఏవైందో తెలుసా? ముందున్న ముసలి ఏనుగుకి తుమ్మొచ్చింది. ఏనుగు తుమ్మగా చూసేరా ఎప్పుడైనా? చూసుంటే ఇక్కడ కూచుని ఉండరు. ఆ తుమ్ముకి ముసలావిడ ఇంటి కప్పు లేచెళ్లి పక్కూళ్లో పడింది, అక్కడెవడో ఇల్లు లేనోడు దాని కిందే కాపురం పెట్టేసేడు, అది వేరే కథ. దాని వెనకాలున్న మందంతా ఒక్కసారి తుమ్మేయండీ, పైనున్న మబ్బు ఫట్‌మని పగిలిపోయింది. ఇహ వాన! ఆగితే ఒట్టు."

"మిరక్కాయలు గుంటూరువా అన్నా?" అన్నాడు షఫీ. కడప మనిషి, లారీ డ్రైవరు. నవ్వకుండా అడగడం అతని విద్య.

"లేకపోతే? ఆ దేశం మిరపకాయకి ఏనుగు మూతి కూడా తుడుచుకోదు."

"ఆ వాననీళ్లు తియ్యగుంటయా?" అన్నాడు భూమయ్య.

అడిగిన తీరు చూసి కాకా కూడా పాలు కలపడం ఆపి ఇటు చూశాడు. గంగాధరం మాత్రం చూడలేదు. కథలో ఉన్నప్పుడు ఆయనకు ఎదుటి మొహాలు కనపడవు.

"తియ్యగానా? చాయ్‌లో పంచదార మానేసేనయ్యా నేను! ఇక్కడికొచ్చేకే మళ్లీ మొదలెట్టేను. ఇహ ఆ నేల సంగతి చెప్తే మీరు నమ్మరు. వేలు పెడితే మొలుస్తాది. ఓ రోజు మధ్యాన్నం భోంచేసి అడవిలో మంచం వేసుకు కునుకు తీసేను. లేచి కాలు కింద పెడదావంటే నేల లేదు! చూద్దును కదా, కొమ్మల్లో ఉన్నాను. మంచం కోళ్లు నాలుగూ వేళ్లు తన్ని, మొలకెత్తి, మానులైపోయేయి."

"కోళ్లు మొలకెత్తినాయా?" అన్నాడు షఫీ. "మీ ఫారం కోళ్లు గుడ్డు పెట్టేదానికే ఏడుస్తాండాయే!"

కొట్టంతా నవ్వింది. గంగాధరం కూడా నవ్వి, చాయ్ ఒక గుక్క తాగి, అంతకంటే పైకి ఎక్కాడు.

"నవ్వండి. ఆ కొమ్మల్లోంచి నన్ను దింపింది ఎవరనుకున్నారు? ఆ ముసలి ఏనుగే. మిరపకాయ కోపం మర్చిపోయి తొండం అందించింది. జంతువుకున్న పెద్దమనసు మనకి లేదు. అప్పట్నుంచీ నేనేవంటే అదే. అడవిలో పెద్దచెట్ల పళ్లు తినేది ఏనుగే, గింజల్ని మోసుకెళ్లి పేడతో నాటేదీ ఏనుగే. అది లేకపోతే ఆ చెట్టు లేదు, చెట్టు లేకపోతే మబ్బు లేదు. మరైతే ఇష్టవొచ్చినచోట వెయ్యడవెందుకని, మందనంతా వరసలో నిలబెట్టి, సాళ్లు తప్పకుండా పేడేయించేను. నేను ఈలేస్తే వెయ్యాలి, చెయ్యెత్తితే ఆపాలి. మన గోదావరి జిల్లాలు రెండూ కలిపితే ఎంతో అంత అడవి లేచిందండీ ఒక్క వానకారులో."

"ఏ నెలల నాటిచ్చినవన్నా?" భూమయ్యకు రైతుబుద్ధి ఆగలేదు.

"నెలేంటయ్యా, ఖరీఫ్ రాగానే! జూను పోయేసరికి కొండల మీదికి తెల్లగా మంచు దిగుద్ది, సన్నగా జల్లు పడతానే ఉంటాది, మోడు కూడా పచ్చబడిపోద్ది. ముసలావిడ బయటికొచ్చి, చెయ్యి పైకెత్తి, ‘ఖరీఫ్, ఖరీఫ్’ అని ఒకటే సంబరం."

"ఆళ్లు గూడ ఖరీఫే అంటరా!" భూమయ్య మొహం వెలిగిపోయింది. ఊళ్లో వ్యవసాయాఫీసరు జీపు దిగి మొదట అనే మాట అదే. ఖరీఫ్‌కు ఏమేస్తున్నవ్ భూమయ్యా, అని. వానకు తన ఊరి మాటే వాడే దేశమైతే మరీ పరాయి దేశమేం కాదనిపించింది. చాలా రోజుల తర్వాత అతనికి గుండెలో చల్లగా అనిపించింది.

షఫీ గ్లాసు కింద పెట్టాడు.

"అంటారు. అనకుండా యాడపోతారు? కాంగోలో గాదు, సలాలాలో! నేను అరటి, టెంకాయలు తెచ్చేదానికి ఎన్ని తూర్లు పోయినానో లెక్క ల్యా. ఈ ఒమాన్ మొత్తానికి ఆ మంచు, ఆ జల్లు పడేది ఆడొక్కచోటే. దాన్నే అరబ్బులు ఖరీఫ్ అనేది. కాంగో ముసలిదానికి అరబ్బీ యాడిది? గంగాధరమన్నా, నువ్వు మూడేండ్లు చేసింది సలాలా టెంకాయ తోటలో గదా? నిజం చెప్పు."

ఇక చూడాలి నవ్వులు. కాకా గరిటెతో గిన్నె మీద కొట్టాడు. ఎవరో ఈల వేశారు. ఇంకెవరో చెయ్యెత్తి ఆపమన్నారు. అబద్ధం ఆడితే అతికినట్టుండాలి అంటారు. గంగాధరం అతికేవాడే గానీ, ఈసారి జిగురు ఊడింది.

"ఆ మాట కాంగోదేనయ్యా," అన్నాడు, కొంచెం తడుముకుని. "మబ్బుతోపాటు కొట్టుకొచ్చి సలాలాలో పడింది."

ఇంకా నవ్వారు. భూమయ్య ఒక్కడే నవ్వలేదు. అతనికి ఏడుపొచ్చినంత పనైంది. ఇంతమందిలో ఆ అడవిని కళ్లతో చూసినవాడు గంగాధరం ఒక్కడే అనుకున్నాడు. ఆయనా చూడలేదు. ఇక చూసింది ఏజెంటు కంప్యూటరు ఒక్కటే.

"ఊకో షఫీ భాయ్," అన్నాడు. "చెప్పనియ్. అన్నా, గంత అడవికి కొట్టెటోళ్లు ఎవ్వలు రాలేదా?"

పడిపోయినవాడికి ఎవరో చెయ్యి అందించినట్టయింది గంగాధరానికి. గొంతు సవరించుకున్నాడు.

"రాకపోవడవేంటి భూమయ్యా, మంచి మాట అడిగేవు! వచ్చేరు. పామాయిల్ వేస్తామని ఓ కంపెనీ వచ్చింది. మోటారు రంపాలు, బుల్డోజర్లు, ఇంతమంది జనం. అడవి మొదట్లో ఓ చెట్టుందిలే, దాని చుట్టూ తిరిగి రావాలంటే చద్దిమూట కట్టుకోవాలి. దానికి రంపం పెట్టేరు. సగందాకా కోసేరు. ఆ తర్వాత ఏవైందంటే, ఇటు కోస్తుంటే అటు అతుక్కుపోతంది! పుండు మానినట్టు మానిపోతంది. కోసేవోడు వెనక్కి తిరిగి చూసేసరికి దారి లేదు. రంపం లోపలే ఉండిపోయింది. ఇంకో రంపం తెచ్చేరు, దాన్నీ మింగింది. బుల్డోజర్ని కూడా మింగేసి, రాత్రంతా అరక్క మూలిగిందండీ ఆ చెట్టు, నేను వాము నీళ్లు పోసేను. దెబ్బకి కంపెనీవోళ్లు దండం పెట్టి ఓడెక్కేసేరు. ఆ అడవి కొట్టడం మనిషి వల్ల కాదు, రాసిపెట్టుకోండి."

ఈసారి కొట్టు సరిగ్గా నవ్వలేదు. దూరంగా మసీదులో మగ్రిబ్ పిలుపు మొదలైంది. సముద్రం వైపు నుంచి ఉక్కగాలి కొట్టింది. రోడ్డవతల ఎండిన ఖర్జూరం మట్టలు ఒకదానికొకటి రాసుకుని చప్పుడు చేశాయి.

షఫీ లేచాడు. "భూమయ్యా, నమాజు చేసుకోనొస్తా. సంచి తీసుకోని లారీ కాడ ఉండు."

"ఎక్కడికయ్యా సంచితో?" అన్నాడు గంగాధరం.

భూమయ్య సంచి కోసం వంగాడు. షఫీయే చెప్పాడు. "యాడికేందన్నా? నీ కాంగోకే. వాళ్ల బావి ఉప్పుబడిపోయి తోట మూసేసినారు. ఆడ పామాయిల్ తోటలో పనంట. ఈ పొద్దు పాస్‌పోర్టు ఇచ్చేస్తాండాడు."

చెప్పి షఫీ వెళ్లిపోయాడు. గంగాధరం అప్పుడు చూశాడు భూమయ్య మొహం. సాయంత్రం నుంచి ఆ మొహం ఎదురుగానే ఉంది. నీళ్లు తియ్యగుంటాయా అని అడిగిందీ, ఏ నెల అని అడిగిందీ ఎందుకో ఇప్పుడు తెలిసింది. చాయ్ గ్లాసు బల్ల మీద పెట్టేశాడు.

భూమయ్య సంచి భుజానికెత్తుకుని రోడ్డు దిగాడు. గంగాధరం వెనకాలే గబగబా వచ్చి సంచి పట్టుకున్నాడు. వెళ్లకు అని చెప్పాలని ఉంది. నేను చూడలేదురా, నాకేం తెలియదు అనాలని ఉంది. కానీ పాతికేళ్లుగా ఆ నోటికి అలవాటైంది ఒక్కటే.

"వెళ్లకు భూమయ్యా. వెళ్లినా లాభం లేదు. చెప్పేను కదా, ఆ అడవిని కొట్టలేరు! రంపం పెడితే మింగేస్తాదయ్యా ఆ చెట్టు. నాలుగు రోజులు చూసి కంపెనీ పారిపోద్ది. నిన్ను వెనక్కి పంపేస్తారు."

భూమయ్య ఆగాడు. ఆయన మీద అతనికి కోపం రాలేదు. ఆయన చెప్పిన అడవే నిజమైతే ఎంత బాగుండునో, ఆ కొట్టు దగ్గర తనకు తెలిసినంతగా ఎవరికీ తెలియదు.

"కొట్టుడు అయిపోయిందన్నా," అన్నాడు మెల్లగా. "ఫొటో చూసిన. కంటికి ఆనేదాక ఒక్క చెట్టు లేదు. ఒక్కటి గూడ రంపాన్ని మింగలే. నన్ను పిలిచింది మొద్దులు కాలవెట్టేటందుకు."

గంగాధరం సంచి వదిలేశాడు.