కుక్క పడుకున్న మంచం

అమెరికాలోని డులూత్‌ ఊళ్లో మంచు కురుస్తున్న ఉదయం. భార్య ఫోన్ పెట్టేయగానే భర్త ఆరా తీశాడు.

"దత్తత ఆఫీసు వాళ్లేనా? ఇథియోపియాలో మన పిల్లలకి ఇంటి ఫోటోలు చూపించారటా?"

"చూపించారట. పెద్దది మెస్కెరెం ఒక్క ప్రశ్న వేసిందట."

"నా బట్టతల గురించేగా?"

"నీ తలనెవరూ పట్టించుకోలేదులే. వాళ్ల కొత్త మంచం మీద మన కుక్క దుప్పటి కప్పుకుని పడుకున్న ఫోటో ఉందిగా?"

"ముద్దొస్తుందని నేనే పెట్టా!"

"'మంచం కుక్కదైతే నేనూ తమ్ముడూ ఎక్కడ పడుకోవాలి?' అందట."

"దత్తత క్లాసుల్లో ముందు వరసలో కూర్చున్న మేధావిని కదా, ఇంత చిన్న విషయం నాకెలా తడుతుంది? కెమెరా తే. ఖాళీ మంచం ఫోటో తీసి పంపుదాం."

"మరి కుక్కో?"

"నేల మీద. దాని పక్కనే నన్నూ పడుకోబెట్టి తియ్యి. ఈ ఇంట్లో ఎవరి చోటు ఎక్కడో పిల్లకి తెలియాలి."