చిలక మీద పరిచిన తొమ్మిది గళ్లు

"కూసో రుద్రమ్మా, టీ తాగి పో. నీ తువ్వాలు అంచుకు గ్రాఫు రాసినా, ఇదో నా గ్లాసు కింద ఉంది. సాయంత్రంలోగా సాంపిల్ నేసి సొసైటీ సారుకు సూపియ్యాల, నచ్చితే మీ వీధిలో పది మగ్గాలకు పని. నీ తొందర తెలుసమ్మా. అయితే ఈ నమూనా యాడ పుట్టిందో తెలుసుకొని పో," అన్నాడు హబీబుల్లా. ఎమ్మిగనూరు మగ్గాలకు గళ్ల కాగితం మీద నేత నమూనాల గ్రాఫులు రాసేది ఆయనే.

"యాడ పుట్టింది సాబ్?" టీ పోస్తూ అడిగాడు టీకొట్టు దేవదాసు.

"ఆదోనిలో, కంప్యూటర్‌లో! పోయినేడు బెంగుళూరు ఇంజినీర్లు పత్తి మార్కెట్ పక్కన హాల్లో పెట్టినారు. దాంట్లో చిలక బొమ్మ. దగ్గరికి పోయి సూస్తే అన్నీ గళ్లేనప్పా, మన గ్రాఫు కాగితమే! 'సాబ్, బొమ్మ మీద పరచను చిన్న నమూనా కావాల, ఒక ముక్క చాలు, అదే పక్కపక్కన పేర్చుకుంటాది' అన్నారు. బిస్మిల్లా అని పెన్సిల్ పట్టినా. అడ్డం తొమ్మిది గళ్లు, నిలువు తొమ్మిది, నడుమ వజ్రం. నల్లగడి మూత, తెల్లగడి కిటికీ. కిటికీలోంచి చిలక కనపడాల. అంతే."

"అంతేనా?"

"ఆ తర్వాత ఏమైందో తెలుసా? మీట నొక్కినారు, చిలక నిండా వజ్రాలు. అద్దం తుడుద్దామని చెయ్యి పెడితే వేలికి దారం తగిలింది. మెల్లగా లాగినా. పచ్చని తువ్వాలు వస్తాంది, వస్తాంది, ఏడు గజాలు వచ్చింది. నమాజుకు పొద్దైందని వదిలేసి పోయినా. తిరిగొస్తే అది హాలు నిండి, వాకిలి దాటి, ఆలూరు రోడ్డు పట్టింది. దాని మీదనే బస్సులు పోతాండాయి, ఒక్క కుదుపు లేదు!"

"మిగతాదంతా నమ్ముతా గానీ, ఆలూరు రోడ్డులో కుదుపు లేదంటే నమ్మను సాబ్," అన్నాడు దేవదాసు.

రుద్రమ్మ గ్లాసు జరిపి కాగితం తీసుకుంది.

"నందవరం వాళ్లనడుగు పో! ఆ పున్నమికి సందమామ మీద కూడా ఇవే వజ్రాలు. పైవాడి దయ, నాదేముంది, గళ్లు నింపేవాణ్ణి. ఇంజినీర్లు ఏడ్చుకుంటా వచ్చి, 'సాబ్, ఆగడం లేదు, ఆకాశం అయిపోతాంది' అంటే, పాపమని రబ్బరుతో ఒక్క గడి చెరిపినా. ఆగింది. అప్పటికి ఎన్ని కోట్ల వజ్రాలో! ఒక్క అతుకు కనపడితే సూపించండప్పా!"

రుద్రమ్మ కాగితాన్ని ఖాళీ గ్లాసుకు చుట్టి, కుడి అంచును ఎడమ అంచుకు ఆనించింది. అతుకు చూసుకోడానికి ఆమె ఎప్పుడూ చేసే పనే అది. ఆ అంచులో ఒక వజ్రం మొన, ఈ అంచులో ఒక మొన. కలిసిన చోట రెండు నల్లగళ్లు పక్కపక్కన నిలిచాయి.

"ఇదేంది సాబ్?"

హబీబుల్లా కళ్లద్దాలు తుడుచుకొని వంగి చూశాడు.

"ఒకే మొనను రెండుతూర్లు లెక్కబెట్టినావు. ఇట్లనే నేసింటే పది మగ్గాల పనీ పోయేది."

ఆమె తొమ్మిదో నిలువు వరసను గోటితో మడిచి, చించి, ఆ ముక్కను ఆయన చేతిలో పెట్టింది.

"ఇది సందమామకు ఉంచుకో సాబ్. నా తువ్వాలుకు ఎనిమిది సాలు."