డికాషన్ కేకు

క్రిస్మస్ విందుకు మోర్మన్ చర్చి వంటగదిలో కూతురు ప్లేట్లు తుడుస్తోంది. ఆమె ఈ చర్చిలో చేరాక తల్లి ఇక్కడ అడుగుపెట్టడం ఇదే మొదటిసారి.

“అమ్మా, బల్ల మీద నీ కేకు అంత నల్లగా ఉందేంటి?”

“నీకిష్టమని కాఫీ డికాషన్ పోశానే.”

“కొంప ముంచావు! మా చర్చివాళ్లం కాఫీ ముట్టమని చెప్పాను కదా!”

“తాగరన్నావు. తినరని చెప్పావా?”

“అక్కడ బిషప్ గారు కత్తి పట్టుకుని నిలబడ్డారు!”

“ఎవరు, మనింట్లో ఫ్యాను బిగించిన కరెంటు మేస్త్రీయా?”

“ఆయనే. మా చర్చిలో బిషప్ అంటే జీతం లేని సేవ, ఎవరి పని వాళ్లకుంటుంది. ఉండు, మెల్లిగా తీసి దాచేస్తాను.”

“దాచడానికి అదేమన్నా దొంగసొమ్మా? నేనే చెప్తాను. మొహం చిట్లించారో, మళ్లీ ఈ గుమ్మం తొక్కను.”

తల్లి విసురుగా వెళ్లింది. హాల్లో పాట ఆగిపోయింది. అంతలో పెద్ద నవ్వు. తల్లి తిరిగొచ్చింది.

“ఏమన్నారమ్మా?”

“తినలేం గానీ వాసన చూడొచ్చా అన్నాడు మేస్త్రీ. ఇప్పుడు అందరూ వరసకట్టి వాసన చూస్తున్నారు.”

“నీకు కోపం రాలేదా?”

“వచ్చే క్రిస్మస్‌కి కాఫీ లేని కేకు తెస్తానని మాట కూడా ఇచ్చేశాను. పద, నీకోసం చేసిన కేకు, నువ్వూ వరసలో నిలబడు.”