వెచ్చబడిన క్యాసెట్

ఒసాకాలో రైలు పట్టాల పక్క ఇరుకిల్లు. మధ్యాహ్నం పనినుంచి వచ్చిన భర్త టీవీ కింది గేమ్ పెట్టెలో దూర్చి ఉన్న క్యాసెట్ మీద చెయ్యి వేసి, చటుక్కున తీసేశాడు. వంటగట్టు దగ్గర భార్య ముల్లంగి తరుగుతోంది.

“క్యాసెట్ వెచ్చగా ఉందేంటి?”

“ఎండ తగిలిందేమో.”

“పొద్దుటి నుంచీ వాన కురుస్తుంటేనా?”

“అబ్బ, కాసేపు ఆడానండీ. మీరు స్టేషన్ ముందున్న స్లాట్ జూదం హాలుకి పోకుండా ఉంటారని నేను కొన్నదేగా! ఇందులో డబ్బేం పోదు.”

“నేను దాన్ని ఎందుకు ముట్టుకోనో ఎప్పుడైనా అడిగావా? హాల్లో మెషినూ ఇదీ అచ్చం ఒకటే. చక్రాలు తిరిగే వేగం కూడా. ఇంట్లో చెయ్యి తిరిగిందంటే, కాళ్ళు అటే లాగుతాయి. మూడు చక్రాల మీదా ఏడు అంకెనే ఒకే వరసలో ఆపగలుగుతున్నావా?”

“అప్పుడప్పుడు.”

“నిజం చెప్పు.”

“ఎప్పుడు కావాలంటే అప్పుడు.”

“ఆ కత్తి కింద పెట్టు. గుమ్మంలో గొడుగు తడిసి ఉంది. ఎక్కడికెళ్ళావ్?”

“చేపలకి.”

“ఏవీ చేపలు?”

“పొద్దున నేను అటు వెళ్ళేసరికి హాలు ఇంకా తెరవలేదండీ. వానలో జనం బారులు తీరి ఉన్నారు. ఎలాంటివాళ్ళు వస్తారో చూద్దామని ఒక్క నిమిషం ఆగానంతే.”

“దూరం నుంచేగా చూశావు?”

“అలాగే అనుకున్నాను. వెనక్కి తిరిగి చూస్తే, నా వెనక నలుగురు నిలబడి ఉన్నారు.”