చూడ్డానికేమీ లేని చోటు

సాయంత్రం బడి గదిలో వదిన బల్లలు సర్దుతోంది. మరిది గుమ్మంలో నిలబడి చెప్పులు విడుస్తున్నాడు.

“అలా కాదు, మొదట్నుంచీ చెప్పు. బస్సు దిగింది ఎవరు?”

“టూరిస్టు వదినా. మెళ్ళో కెమెరా, నెత్తిన టోపీ. నువ్వేమో ఊరందరికీ గైడ్ల ట్రైనింగ్ ఇచ్చి పెట్టావాయె, అందరూ ఒక్కసారే మీద పడ్డారు. సైకిల్ షాపాయన ఒక చెయ్యి, టైలరమ్మ ఇంకో చెయ్యి.”

“టైలరమ్మ కూడానా? ఆమెకి మిషను పని ఉందిగా.”

“ఎక్కడిది? అందరికీ కుట్టు కూడా నువ్వే నేర్పేశావు. ఇక కుట్టించుకునేవాళ్ళెవరు?”

“ఎత్తిపొడుపులు తర్వాత. చివరికి ఎవరితో వెళ్ళాడు?”

“నాతోనే. వాళ్ళంతా గడగడా పాఠం అప్పజెబుతుంటే హడలిపోయి, నోరు మూసుకుని నిలబడ్డ నా వెనకాల వచ్చేశాడు.”

“నోరు మూసుకుని? నువ్వు?”

“పాఠం మర్చిపోయాను వదినా.”

“చంపావు పో. ఏం చూపించావు?”

“జలపాతం.”

“ఇంత ఎండల్లోనా?”

“బండ చూపించి, నీళ్ళు ఇక్కణ్ణుంచే పడతాయండీ, పడ్డప్పుడు మేమూ ఆశ్చర్యపోతాం అన్నాను. నవ్వాడు. మూతపడ్డ మిల్లు దగ్గరికి తీసుకెళ్ళి, మా జిల్లా సంపదంతా ఇందులోనే ఉండేదండీ, ఇప్పుడు తాళం ఒక్కటే కొత్తది అన్నాను. పొట్ట పట్టుకుని గట్టు మీద కూలబడ్డాడు.”

“బడి గురించి అడగలేదూ?”

“అడిగాడు.”

“ఏం చెప్పావు?”

“ఉన్నదే చెప్పాను. మా వదిన బంగారం, ఊరందర్నీ గైడ్లని చేసింది, చూడ్డానికొచ్చిన మొదటి మనిషి మీరే అన్నాను. మాలో ఒక్కడికీ పని లేదని కూడా… ఎందుకలా చూస్తావు?”

“నీకు చెప్పలేదు. ఈ క్లాసు వల్ల ఒక్కడికైనా పని దొరికిందో లేదో చూడ్డానికి పై ఆఫీసు నుంచి మనిషిని పంపుతామన్నారు. దొరక్కపోతే బడి మూత. నా ఉద్యోగమూ దాంతోనే. ఆయనే వచ్చాడు.”

“కెమెరా ఉంది కదా వదినా…”

“ఆఫీసరుకి కెమెరా ఉండకూడదా?”

“నా నోరు పడిపోను. పాఠం మర్చిపోయినవాణ్ణి ఊరుకోవచ్చుగా. ఉండు, పరిగెత్తి బస్సాపుతాను, కాళ్ళు పట్టుకుంటాను.”

“వెళ్ళిపోయాడు. దారిలోంచి ఫోను చేశాడు. పని లేదని మీ మనిషే చెప్పాడు, మూసేయమని రాయక తప్పదమ్మా అన్నాడు.”

“వదినా, నీ కొంప నేనే ముంచాను.”

“పూర్తిగా విను. వచ్చే ఆదివారం ఇంటిల్లిపాదినీ తీసుకొస్తాడట. ఆ బండా, ఆ మిల్లూ వాళ్ళకీ చూపించాలట. నువ్వే కావాలట.”

“నువ్వేమన్నావు?”

“మా మరిదికి ఆదివారం పని దొరికిందని ముందు ఆ కాగితంలో రాయండి, తర్వాతే రండి అన్నాను.”