తాళం తప్పింది నాది

ఈ శుక్రవారం, ఏప్రిల్ అయిదుతో, చరిత వర్క్ పర్మిట్ ముగుస్తుంది. మన ఉగాది సభ శనివారం. ఆమె విమానం గురువారం. అందుకే ఈ వీడ్కోలు సభ ఇవాళే.

అధ్యక్షురాలు శ్యామల గారికి, పెద్దలకు, సార్నియా నుంచి ఒకే కారులో అయిదుగురు సర్దుకుని వచ్చిన విద్యార్థులకు, చరిత వాయించే 'టనెల్ బస్' బ్యాండు మిత్రులకు నమస్కారం. వార్త ముందు చెప్పి నమస్కారం తర్వాత పెట్టినందుకు మన్నించండి. ముప్పై ఏళ్ల విలేకరి అలవాటు. (నవ్వులు)

చరిత 2022 జనవరిలో వరంగల్ నుంచి కెనడాకి, మన విండ్సర్ కాలేజీకి వచ్చింది. ఏడాది కోర్సు, దానికి ఏడాది పర్మిటే. నోటీసు బోర్డు మీద 'డ్రమ్మర్ కావాలి' అన్న కాగితం చూసి, మాసిడోనియా నుంచి వలస వచ్చి కార్ల ఫ్యాక్టరీలో పనిచేస్తున్న గోరాన్ ఇంటి గరాజ్‌కి వెళ్లింది. అక్కడ వాళ్లు తమ ఊరి పెళ్లిపాటల్ని అకార్డియన్‌తో, పంక్ రాక్ గిటార్ల హోరుతో, రెట్టింపు వేగంలో వాయిస్తున్నారు. అంతకుముందు ముగ్గురు డ్రమ్మర్లు నిలవలేదు. అందరూ నాలుగు లెక్కకు అలవాటుపడ్డవాళ్లు. ఆరేళ్లు మృదంగం నేర్చిన ఈ అమ్మాయి ఒక నిమిషం విని, "తకిట తక ధిమి, ఇదే కదా" అని కూర్చుంది.

పోయిన ఉగాదికి వాళ్లు ఈ వేదిక మీదే వాయించారు. మన పత్రికలో నేను రాసిన వాక్యం: 'ప్రతి ఆవర్తంలోనూ తాళం తప్పింది.' పత్రిక అందిన రోజే చరిత ఫోన్ చేసింది.

"అంకుల్, తాళం తప్పలే. మీరు ఎనిమిది లెక్కవెట్టిన్రు. అది ఏడు. రెండు పంక్తులు సవరణ వెయ్యుండ్రి."

చూద్దాంలేమ్మా అన్నాను. చూడలేదు. దీపావళికి వాళ్లను పిలవలేదు. కమిటీ మినిట్స్‌లో కారణంగా నా వాక్యమే ఉంది. శ్యామల గారూ, తప్పు మీది కాదు.

ఆ పాట గురించి గోరాన్‌ని నేను అడిగింది పోయిన వారమే. "మా ఊళ్లో పెళ్లికూతురు ఏడులోనే నడుస్తుంది. ఆమె కాలు తొక్కని డ్రమ్మరు మీ పిల్ల ఒక్కతే" అన్నాడు. (నవ్వులు)

రెండేళ్లలో చరిత నన్ను అడిగింది ఒక్కటే, రెండు పంక్తుల సవరణ. ఏడాది ఆలస్యంగా ఇస్తున్నాను: తాళం తప్పలేదు. తప్పింది నా లెక్క. ఏప్రిల్ సంచిక మొదటి పేజీలో వస్తుంది. అది అచ్చయ్యేసరికి ఆమె ఇక్కడ ఉండదు. అందుకే ముందు ఆమె ఎదురుగా చదివాను.

ముందు వరసలో ఉన్న వీరభద్రం గారూ, తాళం లెక్కకు వేళ్లు ఇప్పుడే మడవకండి. (నవ్వులు) అయిదు గంటలకు అదే పాట, ఇదే వేదిక, డ్రమ్స్ దగ్గర చరిత. ఈసారి ఏడు దగ్గర ఆగుదాం. ఓపిగ్గా విన్నందుకు కృతజ్ఞతలు. సెలవు.