కెమెరా తిప్పని వైపు

ఇంట్లోవాళ్ళకి కోవిడ్ అంటించకూడదని ఐర్లండ్‌లోని ఆ డాక్టరమ్మ ఆడమ్స్‌టౌన్ ఇల్లు వదిలి, కిల్కెన్నీలో ఆసుపత్రి దగ్గర గది తీసుకుంది. రోజూలాగే పన్నెండేళ్ళ కూతురు వీడియో కాల్ చేసింది.

"అమ్మా, హిస్టరీ ప్రాజెక్ట్ కోసం రెండో ప్రపంచ యుద్ధం నాటి జర్మనీ న్యూస్‌రీల్స్ చూస్తున్నా. అప్పట్లో సినిమా హాళ్ళలో వేసేవాళ్ళట."

"ఏముంటుంది వాటిలో?"

"ఆడవాళ్ళు ఆపిల్స్ కోస్తుంటారు. సైనికులు రైలెక్కి చేతులూపుతుంటారు. అందరూ నవ్వుతూనే ఉన్నారు! అంత యుద్ధంలో ఒక్కరూ ఏడవరా?"

"ఎందుకేడవరు? అటు కెమెరా తిప్పనివ్వరు, అంతే."

"ఎందుకని?"

"చూసే జనం బెదిరిపోతారని."

"మరి జనం నమ్మేసేవాళ్ళా?"

"నమ్మితే హాయి కదా, చిన్నీ."

కూతురు స్క్రీన్‌కి దగ్గరగా జరిగింది.

"అమ్మా, నువ్వు రోజూ ఆ కిటికీ పక్కనే కూర్చుంటావు. ఎలా ఉన్నావంటే రోజూ ఇక్కడివాళ్ళలా 'గ్రాండ్', బ్రహ్మాండంగా ఉన్నా అంటావు."

"ఇక్కడైతే వెలుతురు బావుంటుందని..."

"ఒక్కసారి ఫోన్ అటు తిప్పవా?"

ఆవిడ ఫోన్ వెనకాల ఉన్న గదికేసి చూసింది. నలిగిన పక్క, దాని మీద థర్మామీటరు, సగం ఖాళీ అయిన పారాసెటమాల్ అట్ట, మూత తియ్యని అన్నం డబ్బాలు. మెల్లగా ఫోన్ అటు తిప్పింది.

"జ్వరం ఎప్పట్నుంచి?" అంది కూతురు.